సందర్శకుల పుస్తకంలో పెంటమ్మ

పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీకి పని మీద కాకినాడ నుంచి వెళ్లాను. పని తొందరగా అయిపోవడంతో, దగ్గరి కాలనీ పార్కులో ఉన్న పాత ఇల్లు చూడడానికి నడిచాను. ఒకప్పుడు అది ఆ ఊరి దొర ఇల్లు, ఇప్పుడు చిన్న మ్యూజియం. నేను తప్ప చూసేవాళ్లెవరూ లేరు. అక్కడ పనిచేసే యాదమ్మ వాకిలి ఊడుస్తున్నదల్లా చీపురు పక్కన పెట్టి నాకు తలుపు తీసింది. ఆమెకు యాభై ఏళ్లుంటాయి.

వెనక గదిలో ఒక విసుర్రాయి, దాని మీద చీటీ ఉన్నాయి. "ఇంటివారు వాడిన విసుర్రాయి" అని పైకే చదివాను.

"ఇంటోళ్లు దాన్ని ఎన్నడు ముట్టలే మేడం," అంది యాదమ్మ మెల్లగా. "మా అమ్మ ఇసిరింది. నన్ను ఒళ్లె ఏసుకొని ఇసిరేది."

వెళ్లబోతూ సందర్శకుల పుస్తకంలో నా పేరు రాస్తుంటే, ఆమె పక్కనే నిలబడి చూసింది.

"ఈ బుక్కు పారేయరు కద?"

"పారేయరు. దాచిపెడతారు."

"అయితే జెర మా అమ్మ పేరు గూడ రాయుండ్రి. నాకు రాయరాదు. పెంటమ్మ."

నా పేరు కింద పెద్ద అక్షరాలతో రాశాను. చదవమంటే చదివి వినిపించాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. పేరు పక్కన ఊరు కూడా రాయాలి.

"మీ అమ్మగారిది ఏ ఊరు?" అని అడిగాను.

"గీ ఇల్లే రాయుండ్రి మేడం," అంది. "ఆమె బతుకంత గీడనే గడిచింది."