సలహా మర్చిపోయిన ఖుష్ వలీ చాచా

ఖుష్ వలీ చాచాకి ఊపిరి ఆడాలంటే ఎవరికో ఒకరికి సలహా చెప్పాలి. అదీ మా లోయ చూడ్డానికి బయటినుంచి వచ్చినవాళ్ళకే. మాకు చెప్పడానికి ఆయన దగ్గర కొత్తవేమీ మిగల్లేదు. వినడానికి మా దగ్గర ఓపికా మిగల్లేదు.

చిత్రాల్ పట్నం నుంచి నా జీపు వంతెన దగ్గరికి రాగానే అడ్డంగా నిలబడతాడు. ఆపకపోతే బానెట్ మీద కూర్చుంటాడు. కాలేజీ మానేసి జీపు పట్టాను, పాఠాల పీడ వదిలిందనుకుంటే ఈయన దాపురించాడు.

"ఆడవాళ్ళు తలమీద చాదర్ కప్పుకోండి. తెచ్చుకోలేదా? ఇదిగో, మా ఆవిడది, ఉతికిందే. నిక్కరు బాబూ, నీకు మోకాళ్ళున్నాయని నమ్ముతాం, దాచుకో. మా ఆడవాళ్ళకి చెయ్యి చాచకు, గుండెమీద పెట్టుకుంటే చాలు. టీ ఇస్తే వద్దనకు. ఇరుకుదారిలో గాడిద ఎదురైతే నువ్వు కొండవైపు నిలబడు. లోయవైపు గాడిదకి వదిలెయ్, దానికి అలవాటే."

వంతెన బాగుచెయ్యడానికొచ్చిన ఇంజనీరుక్కూడా వంతెన ఎలా దాటాలో నేర్పి పంపిన మనిషి.

అసలైన సలహా మాత్రం అందరూ వినీ వినీ జీపులోనే గురకపెట్టాక, ఆఖర్న వచ్చేది. "ఇళ్ళ పైనున్న గుట్ట ఎక్కొద్దు. మా ముంగిళ్ళు కనబడతాయి, ఆడవాళ్ళు పర్దా లేకుండా పనిచేసుకుంటుంటారు. తప్పదంటే కిందనుంచి గట్టిగా దగ్గు. వాళ్ళు లోపలికెళ్ళేదాకా ఆగు."

లాహోర్ నుంచొచ్చిన ఫవాద్ ఆ గురక బ్యాచ్‌లోవాడే. మర్నాడు పొద్దున్నే మంచుకొండ ఫొటో కోసం కెమెరాతో సరిగ్గా ఆ గుట్టే ఎక్కాడు. దగ్గలేదు సరికదా, ఈల కూడా వేశాడట. కింద ఆడవాళ్ళు పిండి పళ్ళేలు పారేసి లోపలికి పరిగెత్తారు.

మసీదు ముందు మగవాళ్ళంతా పోగయ్యారు. మౌల్వీ సాహెబ్ మొహం గంటుపెట్టుకుని అన్నాడు: "ఈ వేసవికింక బయటి మనిషెవడూ వంతెన దాటడు."

అంటే నా జీపులో కోళ్ళు గుడ్లు పెట్టుకోవాలన్నమాట.

"నాకెవరూ చెప్పలేదండీ" అన్నాడు ఫవాద్.

నేను నోరు తెరిచాను. పక్కనున్న చాచా నా తొడ మీద గట్టిగా గిల్లి ముందుకెళ్ళాడు.

"నిజమే. చెప్పలేదు. మర్చిపోయాను."

"ఎవరు? నువ్వా?" అన్నాడు మౌల్వీ సాహెబ్.

"నేనే."

"మొన్న మా మేకక్కూడా చెప్పావు కదయ్యా, గుట్ట ఎక్కొద్దని!"

"మేకకి చెప్పాను. ఈయనకి మర్చిపోయాను. ముసలాణ్ణి కదా."

గడ్డానికి గోరింటాకు పెట్టి వయసు దాచుకునే మనిషి, నలుగురిలో ఆ మాటన్నాడు. ఒక్కడూ నమ్మలేదు. కానీ పెద్దాయన్ని మొహంమీద అబద్ధాలకోరు అనేదెవడు?

మౌల్వీ సాహెబ్ గడ్డంచాటున నవ్వు దాచుకున్నాడు. "అయితే తప్పు నీదే. ఈయన ఆ ఫొటోలు చెరిపేస్తాడు. దారి తెరిచే ఉంటుంది. నువ్వు మాత్రం శుక్రవారందాకా ఎవరికీ నోరు విప్పి సలహా చెప్పకూడదు."

జరిమానా కింద మేకల్ని తోలుకుపోయినా చాచా ఇంత కుమిలేవాడు కాదు.

"అబద్ధమెందుకాడావు చాచా?" అన్నాను దారిలో.

"ఒరేయ్ దర్వేశ్, చెప్పినా వినలేదంటే వాడు పొగరుబోతు. చెప్పలేదంటే అమాయకుడు. అమాయకుడైతే టీ ఇచ్చి కూర్చోబెడతారు." ఉలిక్కిపడి నోరు మూసుకుని, మళ్ళీ విప్పాడు. "ఇది సలహా కాదురోయ్. అడిగావు, చెప్పాను."

మర్నాడు ఫవాద్‌ని చిత్రాల్‌లో దింపడానికి తీసుకెళ్తుంటే వంతెన దగ్గర కొత్తవాళ్ళ జీపు ఎదురొచ్చింది. చాచా చాదర్ పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు. నోటికి తాళం, కళ్ళు మాత్రం బయటికి పొడుచుకొస్తున్నాయి.

ఫవాద్ చూడలేక జీపులోంచి దూకాడు. "ముందుగా, ఆ గుట్ట ఎక్కొద్దు! ఎక్కేముందు దగ్గండి! చాదర్ కప్పుకోండి! మోకాళ్ళు దాచుకోండి! టీ వద్దనకండి!" అని ఒక్క ఊపిరిలో అప్పజెప్పి, ఇంకేమైనా ఉందా అన్నట్టు చాచా వంక చూశాడు.

చాచా గిలగిల్లాడాడు. గాడిద సంగతి మిగిలిపోయింది. ఫవాద్‌ని రెక్కపట్టి కొండవైపుకి నెట్టి, తాను లోయవైపు అంచున వంగి నిలబడి ఓండ్రపెట్టాడు.

"చాచా! మౌల్వీ సాహెబ్ ఏమన్నారు?" అని కేకేశాను.

ఆయన నావైపు తిరిగి, ఇంకా గట్టిగా ఓండ్రపెట్టాడు.