మా పెద్దమ్మ గేదె తిన్న గుప్పెళ్ళు

ఆ రోజుల్లో బియ్యం గురించి నాకు తెలియనిదంటూ లేదు. మనుషుల గురించి తెలుసుకోవాల్సింది కొంచెం మిగిలి ఉండేదేమో గానీ, అదంత అర్జెంటు పనిగా నాకు తోచలేదు. డిగ్రీ అయిందనిపించుకుని, తిరువూరు బజార్లో మా పెదనాన్నగారి బియ్యం కొట్లో కూర్చున్న కొత్త. (ఎలా అయిందని అడక్కండి. అయింది.) మూడు నెలలు తిరిగేసరికల్లా గింజను అరచేతిలో వేసుకుని, పటుక్కున కొరికి, "ఇవి నిరుటి సన్నాలు, గంపలగూడెం వైపు చేలల్లోవి" అని చెప్పేసేవాణ్ణి. సగం సార్లు తప్పే చెప్పేవాణ్ణి గానీ, నేను చెప్పే తీరు చూసి ఎదుటివాళ్ళకి అనుమానపడే ధైర్యం ఉండేది కాదు. పెళ్ళిళ్ళకి వెళ్తే అక్షింతలు కూడా కొరికి చూసేవాడినని మా అమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. అది పూర్తిగా నిజం కాదు. ఒక్క పెళ్ళిలోనే.

అలాంటి నా జీవితంలోకి ప్రతి శనివారం ఒక గోనె సంచి వచ్చేది. దాన్ని పాత మోపెడ్ మీద కాళ్ళ దగ్గర పెట్టుకుని తెచ్చేది మా ఊరంతా నర్సమ్మగారని పిలిచే ఆవిడ. గవర్నమెంటాస్పత్రిలో రిటైరైన నర్సు. నాకూ, మా అక్కకీ, మా వీధిలో సగం మందికీ చిన్నప్పుడు ఇంజెక్షన్లు చేసిన చెయ్యి ఆవిడది. సూది గుచ్చుతూ కూడా నవ్వించగలిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆవిడ సంతోషానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. మోపెడ్ ఆగిపోతే "దీనికీ నాకూ ఒకేసారి రిటైర్మెంట్ ఇచ్చుంటే బాగుండేది" అని నవ్వుతూ తోసుకుంటూ వచ్చేది. మధిర రోడ్డు పక్కన వాళ్ళ ప్రార్థన మందిరానికి ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడ ఎవరొచ్చినా అన్నం పెట్టేవాళ్ళు. పనుల్లేని కూలీలు, ఒంటరి ముసలివాళ్ళు, ఆస్పత్రిలో మంచం పట్టినవాళ్ళకి తోడుగా పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళూ వీళ్ళూ అని లేదు. ఒకసారి వాన కురిసి రేకు చిల్లులోంచి ధారగా సాంబారు గిన్నెలో పడుతుంటే, అందరూ అయ్యయ్యో అంటున్నారు, ఆవిడ మాత్రం "పడనివ్వండి, ఈ రోజు జనం ఎక్కువ వస్తారని ప్రభువుకి ముందే తెలిసింది" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ రోజు జనం నిజంగానే ఎక్కువ వచ్చారు.

ఆ సంచి సంగతి చెప్పాలి. ఆ మందిరం వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ఆడవాళ్ళు పూటపూటా అన్నానికి బియ్యం కొలిచాక, కడగబోయే ముందు, అందులోంచి ఒక గుప్పెడు తీసి, చిన్న ప్రార్థన చేసుకుని, పొయ్యి పక్కనున్న డబ్బాలో వేస్తారు. శనివారం నర్సమ్మగారు ముప్పై ఇళ్ళు తిరిగి ఆ డబ్బాలన్నీ సంచిలోకి వంచుకుని, మా కొట్టు వెనక రాళ్ళు తీసే మిషన్లో ఒకసారి పోయించుకుని వెళ్ళేది. మా పెదనాన్న దానికేమీ పుచ్చుకునేవాడు కాదు. నాకు వచ్చిన బాధల్లా ఆ సంచి విప్పి చూడటంతోనే. టీచరుగారింటి సోనా మసూరి, ఆటో డ్రైవరు ఇంటి స్వర్ణ, కూలికెళ్ళే ఇళ్ళ రేషన్ బియ్యం, ఎవరో వేసిన నూకలు, మధ్యమధ్య ఉప్పుడు బియ్యం, అన్నీ ఒకదాన్నొకటి పట్టించుకోకుండా కలిసిపోయి ఉండేవి. నా వృత్తికి ఇంతకంటే అవమానం ఏముంటుంది? ఒక ఆదివారం నర్సమ్మగారు బలవంతం చేసి విస్తరి ముందు కూర్చోబెడితే ఆ అన్నం తిన్నాను కూడా. సగం గింజలు గంజైపోయాయి. మిగతా సగం ఇంకా నీళ్ళ సంగతే తెలియనట్టున్నాయి. పాపం, పేదవాళ్ళకి ఇదా పెట్టేది అని నా గుండె కరిగిపోయింది. (ఆ కరగడం నాకు చాలా బాగుండింది, అది కూడా ఒప్పుకోవాలి.)

ఆ తర్వాతి శనివారం నేనొక ఘనకార్యం చేశాను. నర్సమ్మగారు సంచి దింపి, "గంటలో వస్తాను నాయనా" అని పక్క వీధికి వెళ్ళింది. నేను పెదనాన్న దగ్గరికెళ్ళి, మన తరఫున ఒక పాతిక కిలోల పాత సన్నాల బస్తా ఇద్దామన్నాను. ఆయన పేపర్లోంచి తలెత్తకుండా "ఇవ్వరా, పుణ్యం" అన్నాడు. అంతే, మేలురకం బస్తా విప్పి వాళ్ళ సంచి నింపేశాను. వాళ్ళ కలగలుపు బియ్యం ఏం చెయ్యాలో తోచలేదు. కొట్లో అమ్మటానికి పనికిరావు. పిండి పట్టించి దాణాలో కలిపేస్తే సరి అనుకుని, మా పెద్దమ్మ గేదెకి పంపేశాను. ఆ గేదెకి ఆ వారం ఎంత సంతోషంగా గడిచిందో నాకు తెలియదు గానీ, నేను మాత్రం చెయ్యి దులుపుకుని, అద్దంలో ఒకసారి ముఖం చూసుకున్నాను.

ఆదివారం ఎవరూ పిలవకుండానే షెడ్డుకి వెళ్ళాను. మనం చేసిన మంచిని మనమే దగ్గరుండి చూసుకోకపోతే ఎవరు చూస్తారు? అన్నం విస్తళ్ళలో పడుతుంటే మల్లెపూలే. పొడిపొడిగా, ఏ గింజకా గింజ. తినేవాళ్ళు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకుంటున్నారు. నర్సమ్మగారు గరిటె పైకెత్తి, "ఏంటండీ ఇది, మన బియ్యం ఇంత తెల్లగా ఎప్పుడయ్యాయి!" అంది. నేను దానికోసమే కాచుకుని ఉన్నాను. రెండడుగులు ముందుకేసి, గొంతు సవరించుకుని, "అవి మార్చేశానండీ నర్సమ్మగారూ. ఆ కలగలుపువి మనుషులు తినేవి కాదండి. అందుకని మంచివి పోశాను" అన్నాను. షెడ్డంతా వినపడేలాగే అన్నాను.

వరసలో మూడో విస్తరి ముందు ఒక మామ్మ కూర్చుని ఉంది. మిరపకాయలకి తొడిమలు తీసే పనికి వెళ్ళేది, మాట కూడా అదే ఘాటు, అందుకని అందరూ మిరపకాయ మామ్మ అనేవారు. కలుపుతున్న ముద్ద విస్తట్లోనే వదిలేసి, "మరి మా గుప్పెళ్ళేమైనయ్ బాబూ?" అని అడిగింది.

"గేదెకి పెట్టామండి" అన్నాను. ఇందులో తప్పేముందో నాకింకా అర్థం కాలేదు.

మామ్మ లేచి నిలబడింది. "నేను వండుకునేదే రెండు గుప్పెళ్ళు. అందులో ఒకటి తీసి, ప్రభువా ఇది నీ వంతు అని వేశాను. నా గుప్పెడు ఇక్కడుందనే ఇక్కడ కూర్చుని తింటన్నా. అది లేకపోతే ఇది నాకు బిచ్చం అవుద్దయ్యా. బిచ్చమెత్తుకోవాలంటే ఇంత దూరం నడిచి రావాలా?" అని, చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి, "ఇంక రాను నర్సమ్మా" అని కూడా చెప్పింది. పక్కనున్న ఇద్దరు ముగ్గురు తినాలో వద్దో తెలియక చేతులు ఆపేశారు. ఆ మల్లెపూల అన్నం వైపు చూడలేక నేను నా చెప్పుల వైపు చూశాను. మామ్మ వారంలో కడుపునిండా తినేది ఆ ఒక్క పూటేనని తర్వాత నర్సమ్మగారు చెప్పింది. అది వినేసరికి నాకు నిజంగా ఏడుపొచ్చింది.

నర్సమ్మగారు తిడుతుందనుకున్నాను. తిట్టుంటే తేలికగా ఉండేది. ఆవిడ నా భుజం మీద చెయ్యేసి, "నువ్వు మంచి మనసుతోనే చేశావు నాయనా. ఆ గేదె కూడా మంచి మనసుతోనే తినుంటుంది" అని కిలకిలా నవ్వింది. తర్వాత, "తప్పు మాదే. పద్ధతి ఏంటో నీకు చెప్పలేదు. వచ్చే శనివారం నా బదులు నువ్వే తిరుగు. ముప్పై ఇళ్ళూ. ఆఖరున మామ్మ ఇల్లు" అంది. ఇంజెక్షన్ చేసే ముందు ఆవిడ గొంతు ఇలాగే ఉండేది.

శనివారం ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో దారిలో తాగడానికి నీళ్ళ స్టీలు క్యానూ పట్టుకుని బయల్దేరాను. మొదటి ఇంట్లోనే ఒకావిడ నన్ను పైకీ కిందకీ చూసి, "ఏం బాబూ, కొట్టు మూసేశారా?" అంది. రెండో వీధిలో మా ఖాతాదారు ఒకాయన ఎదురై, ఏమీ అడక్కుండా, ఎంతో జాలిగా, ఒక అరటిపండు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి స్మార్ట్ ఫోన్లు వచ్చిన రోజులు. నేను పదో ఇంటి గుమ్మంలో ఉండగానే నా ఫోటో బజారు వర్తకుల గ్రూపులోకి వెళ్ళిందట. మా అమ్మ ఫోన్ చేసి, "ఒరేయ్, విస్సన్నపేట నుంచి మీ అత్తయ్య అడుగుతోంది, నువ్వు సన్యాసంలో కలిశావా, క్రైస్తవంలో కలిశావా? ఏదైనా ముందు నాకు చెప్పొచ్చుగదరా!" అంది. అలవాటు కొద్దీ ఒక ఇంట్లో గింజ తీసి కొరకబోతే, ఆ ఇల్లాలు నా చేతి మీద ఒక్కటిచ్చి, "ప్రార్థన చేసి వేసినయ్యి. వాటికి పరీక్షలు పెట్టకూడదు" అంది. అప్పటినుంచి కళ్ళు కూడా కొంచెం పక్కకి తిప్పుకునే డబ్బాలు వంచుకున్నాను.

మామ్మ ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. ఒకే గది. ముందు పందిట్లో మిరపకాయల గుట్ట, దాని వెనక మామ్మ. నన్ను చూసి కూడా చూడనట్టు తొడిమలు తీసుకుంటూనే ఉంది. "మామ్మా, బియ్యానికొచ్చానండి" అన్నాను. "ఈ వారం వెయ్యలేదు. ఏ గేదెకని వెయ్యాలి?" అంది. నేను సంచి పక్కన పెట్టి, గుట్ట ముందు కూర్చుని నేనూ తొడిమలు తీయడం మొదలుపెట్టాను. వద్దనలేదు, రమ్మనలేదు. పావుగంటయ్యాక ముక్కు దురద పెట్టింది, చేత్తో రుద్దుకున్నాను. ఆ వెంటనే కన్ను దురద పెట్టింది. ఇంక చెప్పేదేముంది? రెండు కళ్ళూ ధారలు కట్టి, ముక్కు ఎర్రబడి, వెక్కిళ్ళు కూడా మొదలయ్యాయి. మామ్మ చేతిలో పని ఆపి నా వంక చూసింది. ఆవిడ ముఖం మెత్తబడటం ఆ నీళ్ళలోంచే మసగ్గా కనపడింది. "ఊర్కో, ఊర్కో బాబూ. మగపిల్లాడివి, అంతగా కుమిలిపోతే ఎట్టా? పోన్లే, తెలియక చేశావ్" అని చెంబుతో నీళ్ళు తెచ్చి ముఖం కడిగింది. ఇది పశ్చాత్తాపం కాదు మామ్మా, మిరపకాయలు అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. (నిజానికి అందులో రెండూ ఉన్నాయి. ఏది ఎంతో నాకే తెలియదు.)

మామ్మ లోపలికెళ్ళి, చిన్న కుండలో చెయ్యిపెట్టి, గుప్పెడు బియ్యం తీసి, కళ్ళు మూసుకుని పెదాలు కదిపి, నా సంచిలో వేసింది. ఆ కుండలో ఇంక ఎన్ని మిగిలాయో నాకు కనపడింది. హమ్మయ్య, పనైపోయింది అని నేను సంచి మూతి కడుతుంటే, "ఉండు" అంది. "ఊరందరి గుప్పెళ్ళూ ఉన్నయ్. నీదేదీ?"

"నేను పోయిన వారం బస్తా ఇచ్చానుగా మామ్మా."

"అది కొట్లోది. నీ పొయ్యి మీదకి పోయేదాంట్లోంచి తీసింది ఏదీ?"

సంచి భుజాన వేసుకుని ఇంటికెళ్ళాను. మా అమ్మ రాత్రి వంటకి బియ్యం కొలిచి గిన్నెలో పోసి ఉంది. బస్తాల మధ్య పుట్టి బస్తాల మధ్య పెరిగినవాణ్ణి, ఆ గిన్నె ముందు నిలబడి గుప్పెడు బియ్యం అడగటానికి నాకెంత సిగ్గేసిందో చెప్పలేను. అమ్మ నా ఎర్రటి కళ్ళు చూసి, సంచి చూసి, వెయ్యబోయిన కేకలు మింగేసింది. "ఇందులోవే కావాలా? డబ్బాలో ఉన్నాయిగా" అంది. "ఇందులోవేనమ్మా" అన్నాను. తనే గుప్పిట నిండా తీసి, ఒక్క క్షణం ఆగి, దేవుడి గూటి వైపు చూసి, సంచిలో వేసింది. ఏమని అనుకుందో నేనడగలేదు.

మర్నాడు షెడ్డులో అన్నం యథాప్రకారం సగం గంజి, సగం పలుకు. మామ్మ అదే మూడో విస్తరి ముందు కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి, "ఇదీ అన్నమంటే" అంది. రెండోసారి కూడా వడ్డించుకుంది. పక్క విస్తట్లో నేను పలుకులు నములుతూ కళ్ళు తుడుచుకుంటుంటే, గరిటె పట్టుకుని వచ్చిన నర్సమ్మగారు "ఈసారి మిరపకాయలు లేవుగా నాయనా?" అని చెవిలో గుసగుసలాడి, నవ్వుకుంటూ పక్క వరసకి వెళ్ళిపోయింది. ఆవిడకెలా తెలిసిందో!

ఇప్పుడు పెదనాన్న కుర్చీలో నేను కూర్చుంటున్నాను. నర్సమ్మగారు లేరు, మామ్మ కూడా లేదు. షెడ్డుకి కొత్త రేకులు వేశారు. సంచి మాత్రం శనివారం శనివారం వస్తూనే ఉంది, మా ఇంటి డబ్బా కూడా అందులోకి వంచే పంపుతాం. గుడికెళ్ళే మా ఇంట్లో ఈ డబ్బా ఏంటని మా ఆవిడ మొదట్లో ఆశ్చర్యపోయింది. ఇప్పుడు నేనెప్పుడైనా మర్చిపోతే తనే గుర్తుచేస్తుంది. గింజ కొరికి ఏ వైపు పంటో ఇప్పుడు నిజంగానే చెప్పగలను, లెక్క తప్పదు. ఆదివారం ఆ అన్నం తినేటప్పుడు మాత్రం పంటి కింద పలుకు తగిలినప్పుడల్లా ఇది ఎవరింటిదో అనుకుంటాను, తెలియదు. బస్తా ఇచ్చి అద్దంలో ముఖం చూసుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడు ఎర్రటి కళ్ళతో వాళ్ళమ్మ ముందు నిలబడి అడిగిన గుప్పెడే నేను ఇంతవరకూ చేసిన ఒకే ఒక్క దానమేమో అని కూడా అనిపిస్తుంది.