ఎర్రయ్య బావ మునిగి చనిపోలేదు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇప్పుడు దాన్ని కాగితం మీద పెట్టక తప్పదు. కూర్మయ్య బాబాయి మంచాన పడ్డాడు. చూడ్డానికి వెళ్లినప్పుడల్లా నన్ను ఒకటే అడుగుతున్నాడు, ఆ రోజు ఎర్రయ్య నోట్లోంచి నీళ్లు ఎందుకు రాలేదని. తన చేతుల్లో బలం చాలక ఒక ప్రాణం పోయిందనే నమ్మకంతో ఆయన వెళ్లిపోబోతున్నాడు. కారణం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎదురుగా కూర్చుంటే వేరే మాటలు మాట్లాడి వచ్చేస్తున్నాను. అందుకే ముందు మీకు చెబుతున్నాను.

ఎర్రయ్య మా పోలమ్మక్క మొగుడు. మా పేటలో అందరిదీ చేపల వేటే. నేను మాత్రం వేట లేని రోజుల్లో బస్సెక్కి శ్రీకాకుళం లైబ్రరీకి పోయేవాణ్ణి. బడి మధ్యలో మానేసిన నాకు ఆ చదువంటే ఎంత పొగరో తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆ ఉదయం బావ, నేను తెచ్చుకున్న పుస్తకంలో ఒక కాగితం చింపి చుట్ట వెలిగించుకున్నాడు. గొడవంతా అదే. ఒక కాగితం.

అలివి వల లాగుతున్నాం. ఒడ్డున మనుషులు తాళ్లు లాగుతుంటే, చేపలు అడుగు నుంచి జారిపోకుండా వల అంచుని తొక్కిపట్టడానికి ఇద్దరు నీళ్లలో ఉండాలి. ఆ ఇద్దరం మేమే. నడుం లోతు. బావే కదిలించాడు.

“ఏటిరా బామ్మర్దీ, మూతి ముడుసుకున్నావు? కాయితం కోసమేనా? సేపలకి సదువు రాదు గానీ, నువ్వు కాలు గట్టిగా తొక్కు.”

“నోర్ముయ్యి బావా.”

“మూస్తాను గానీ, మిగతా పుస్తకం కూడా ఇచ్చీ. సుట్టలింకా ఉన్నాయి.”

నవ్వుతున్నాడు. ఒడ్డున వాళ్లు తాడు భుజాన వేసుకుని, వీపులు మావైపు పెట్టి లాగుతున్నారు. జుట్టు పట్టుకుని మొహం మీద గుద్దాను. పెదవి చీలింది. ఆయనా ఊరుకోలేదు, నా గొంతు పట్టాడు. పెద్ద అల ఒకటి ఒడ్డు వాళ్లకి కనబడకుండా మమ్మల్ని కప్పింది. అది దిగుతుండగా, ఎడమ రొమ్ము మీద, ఉన్న బలమంతా పెట్టి పిడికిలితో పొడిచాను. నా గొంతు మీద ఆయన వేళ్లు వదులైపోయాయి. నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలాడు. నటిస్తున్నాడనుకున్నాను. నీళ్లలో పడ్డ మనిషిని లెమ్మని కాలితో తన్నాను. అవును, తన్నాను కూడా.

లేవలేదు. అప్పుడు చంకల కింద చేతులు వేసి పైకెత్తి, బావ నీళ్లు తాగేశాడని అరిచాను.

మునిగినవాణ్ణి ఏం చేయాలో మా పేటలో అందరికీ తెలుసు. బోర్లించిన పడవ మీద బోర్లా వేసి, వీపు నొక్కుతూ దొర్లించి, నీళ్లు కక్కిస్తారు. కూర్మయ్య బాబాయి అదే చేశాడు. చుక్క రాలేదు. పెదవి నుంచి నెత్తురు మాత్రం పడవ చెక్క మీద పాకింది. బాబాయి తలెత్తి నన్ను చూశాడు.

“నీరు రాలేదేటిరా? ములిగిపోడం నువ్వు సూసినావా?”

“సూసినాను బాబాయి. సాలా తాగీసినాడు.”

ఆయన మళ్లీ దొర్లించడం మొదలుపెట్టాడు. నేను నిలబడి చూశాను.

చాలా ఏళ్లకి అదే లైబ్రరీలో గుండె గురించిన ఇంగ్లీషు పుస్తకం దొరికితే, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. గుండె కొట్టుకునే ముందు ప్రతిసారీ దాని కండలో సన్నటి కరెంటు పాకుతుందట. కండ ఒక్కసారిగా సాగితే, ఆ సాగడమే కొత్త కరెంటు పుట్టిస్తుందట. రొమ్ము మీద దెబ్బ గుండె గోడని అలాగే సాగదీస్తుంది. ఒకసారి కొట్టుకుని మరోసారికి సర్దుకుంటున్న రెప్పపాటులో ఆ దెబ్బ పడితే లయ చెదిరిపోతుంది. ఇక గుండె కొట్టుకోదు, వణుకుతుంది. ఎముకైనా విరగక్కర్లేదు. వెంటనే వెల్లకిలా వేసి రొమ్ము మధ్య అదుముతూ ఉంటే, ఆసుపత్రిలో గుండెకి కరెంటు షాకు ఇచ్చేదాకా ప్రాణం నిలిచే అవకాశం ఉందట.

అది చదివి నేనేం చేశానో తెలుసా? సంతోషించాను. నా దెబ్బ పెద్దది కాదు, పడిన క్షణం చెడ్డది, అంతే అనుకున్నాను. ఎన్నో రోజులు ఆ రెప్పపాటు వెనక దాక్కున్నాను. కానీ ఆ క్షణాన్ని నేను ఎంచుకోకపోయినా, దెబ్బని ఎంచుకున్నది ఎవరు? కొట్టానని అప్పుడే చెప్పి ఉంటే దొర్లిస్తూ కూర్చునేవారా, ఆటో ఎక్కించి పరిగెత్తేవారా? బతికేవాడో లేదో నాకు తెలియదు. తెలుసుకునే వీలు లేకుండా చేసింది నేనే. మునిగినవాణ్ణి దొర్లించే మనుషుల చేతికి, మునగని మనిషిని ఇచ్చాను.

క్షమించమని అక్కని అడగను. అడిగితే అది ఆమె మీద ఇంకో బరువు. ఇదంతా రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. దానికి కూడా నాకు హక్కు ఉందో లేదో.

నిఘంటువు వెతికిపెట్టిన లైబ్రరీ సత్యవతిగారికి కృతజ్ఞతలు. ఎందుకని ఆవిడ అడగలేదు. ఆ రోజు తాళ్లు వదిలేసి పరిగెత్తుకొచ్చిన దానయ్యకి, సూరన్నకి. చేతుల చర్మం కొట్టుకుపోయేదాకా ప్రయత్నించిన కూర్మయ్య బాబాయికి. బాబాయీ, నీ చేతుల్లో తప్పు లేదు, ఆ కడుపులో నీళ్లే లేవు. ఆ తర్వాత కూడా తమ్ముడని పిలిచి అన్నం పెడుతున్న పోలమ్మక్కకి.

అక్కా, బావని కొట్టింది నేనే.