తాళంచెవి అడిగి చూసిన మ్యూజియంలు

డాక్టర్ ఆంటీ పోయారన్న సంగతి నాకు బస్సులో తెలిసింది. ఆవిడ రిటైరైన ఆసుపత్రిలోనే ఇప్పుడు పనిచేస్తున్న గుంటూరు డాక్టరుగారు నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోతూ నా పక్కన కూర్చున్నారు. "ఆంటీ తెల్లవారుజామున పోయారమ్మా. నిద్రలోనే. బాధేమీ పడలేదు," అన్నారు. ఎడిన్‌బర్గ్ బస్సులో ఎవరైనా ఏడిస్తే జనం కారణం అడగరు, కిటికీ వైపు తిరిగి కూర్చుంటారు. ఆ మర్యాద ఆ రోజు నాకు పనికొచ్చింది.

అంత్యక్రియల్లో మాట్లాడినవాళ్ళందరూ ఆవిడ హస్తవాసి గురించి చెప్పారు. మత్తు డాక్టరు కదా, ఎంతమందిని నిద్రపుచ్చి మళ్ళీ లేపారో. అదంతా నిజమే. నాకు మాత్రం ఆవిడతో గడిపిన సెప్టెంబరు నెలలు గుర్తొస్తున్నాయి. రిటైరైన దగ్గర్నుంచి ఆవిడ ఏటా ఇటలీ వెళ్ళేవారు. రోమూ, వెనిసూ చూడటానికి కాదు. లుక్కా అనే ప్రావిన్సులో, అంటే మన జిల్లా లాంటిదే, కొండ పల్లెల్లో ఉండే బుల్లి మ్యూజియంలు చూడటానికి. ఒక పాత ఇల్లో, మూతబడిన బడో ఉంటుంది. లోపల ఆ ఊరివాళ్ళ నాగళ్ళు, జల్లెడలు, పెళ్ళిబట్టలు, ఉయ్యాలలు. అంతే. వాటికోసం ఎవరైనా విమానమెక్కుతారా అంటే, ఆంటీ ఎక్కేవారు.

నన్ను పట్టుకున్నది దీపావళికి, మనవాళ్ళు పండక్కి అద్దెకు తీసుకున్న చర్చి హాల్లో. పులిహోర వడ్డించుకుంటుంటే వెనకనుంచి "నీకు డ్రైవింగ్ వచ్చా?" అన్నారు. వచ్చన్నాను. "రోడ్డుకి కుడివైపు నడపగలవా?" నడుపుతానన్నాను, ఎప్పుడూ నడిపిన పాపాన పోలేదు గాని. "అయితే వచ్చే సెప్టెంబరుకి లీవ్ పెట్టుకో. నా మోకాళ్ళు బస్సులెక్కనంటున్నాయి." నా పేరు అడిగింది ఆ తర్వాత. నేను కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ టెస్టర్ని, ఒంటిదాన్ని. అంత దబాయించి పిలిచేవాళ్ళు ఈ దేశంలో నాకు ఇంకెవరూ లేరు.

విమానం పీసాలో దిగేది. వాలిన గోపురం ఇక్కడే ఉందట, చూసొద్దామా ఆంటీ అన్నాను. "ఇన్నాళ్ళూ పడలేదుగా, ఇంకో ఏడాది ఆగుతుందిలే. పద." ప్రతి ఏడూ అదే మాట. ఆ గోపురం నేను ఇప్పటికీ చూడలేదు.

ఆ మ్యూజియంలకు ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది. తాళంచెవి ఎవరింట్లో ఉందో తలుపు మీద రాసి ఉంటుంది. ఆ ఇంటికి వెళ్ళి అడిగితే పాపం వాళ్ళు భోజనం మధ్యలో లేచి వచ్చి తీస్తారు. ఒకళ్ళ అన్నం చెడగొట్టి చేతులూపుకుంటూ ఎలా వెళ్తామని ఆంటీ ఎడిన్‌బర్గ్‌లో సున్నుండలు చుట్టి డబ్బాకెత్తి తెచ్చేవారు. గడప దగ్గర నాచేత బూట్లు విప్పించేవారు కూడా. "ఎవరో అమ్మమ్మ ఇల్లే ఇది. బూట్లతో తొక్కుతావా?"

ఒకసారి మేడమీది గదులు చూసి కిందికి దిగేసరికి గుమ్మంలో మా బూట్లు లేవు. నేల తుడవడానికి వచ్చినావిడ, ఊళ్ళో ఎవరో మ్యూజియానికి ఇచ్చి వెళ్ళారనుకుని, లోపల అరలో పాతకాలపు చెక్క చెప్పుల పక్కన బుద్ధిగా సర్దేసింది. నా స్పోర్ట్స్ షూలు, ఆంటీ మోకాలి నొప్పుల బూట్లు. నేను తీయబోతే చెయ్యి పట్టి ఆపారు. "ఉండవే, ఒక్క నిమిషం చూడనీ. ఎంత గౌరవంగా ఉన్నాయో. మా అబ్బాయిలైతే ఈపాటికి చారిటీ షాపుకి పంపేవాళ్ళు." నవ్వీ నవ్వీ ఆవిడకు దగ్గొచ్చింది.

ఈ పిచ్చి పట్టించింది ఒక పేషెంటు. ఎడిన్‌బర్గ్‌లో ఐస్‌క్రీం దుకాణం నడిపిన ఇటలీ ముసలాయన. ఆపరేషన్ బల్లమీద మత్తివ్వబోతుంటే, "మా నాన్న తోసిన ఐస్‌క్రీం బండి మా ఊరి మ్యూజియంలో ఉంది, ఎప్పుడైనా చూడండి," అన్నాడట. ఆ బండిని ఆంటీ నాకూ చూపించారు. ఊరు విడిచి స్కాట్లాండ్ పోయినవాళ్ళకోసం అక్కడ ఒక గదే ఉంది. ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. "వెళ్ళిపోయినవాణ్ణి కూడా ఊరు లెక్కలో ఉంచుకుంది, చూడు. మనల్నెవరు లెక్కలో పెట్టుకుంటారే? ఇండియాకెళ్తే ఫారిన్ వాళ్ళం, ఎడిన్‌బర్గ్‌లోనేమో ఇండియన్ డాక్టర్లం."

అంకుల్ పోయాక అంత పెద్ద ఇంట్లో ఒక్కరూ ఉండలేక ఆంటీ ఇల్లు అమ్మి చిన్న ఫ్లాట్‌కి మారారు. సోఫాలు పోయినా, పింగాణీ పోయినా ఆవిడకు చీమ కుట్టినట్టు లేదు. బెంగంతా రోలు మీదే. పెళ్ళై ఈ దేశం వస్తున్నప్పుడు వాళ్ళమ్మ చీరల మధ్య చుట్టి ఇచ్చిన చిన్న రాతి రోలు, దాని పచ్చడిబండ. మొదట్లో దాంట్లో దంచితే కిందింటావిడ చీపురుకర్రతో సీలింగు పొడిచేదట. అందుకని అడుగున తువ్వాలు మడతపెట్టి వేసుకుని దంచేవారు. ఇప్పుడు చేతి కీళ్ళు సహకరించక బండ ఎత్తలేకపోతున్నారు. "నేను పోగానే చెత్త స్కిప్‌లో పడేస్తారు దీన్ని," అనేవారు.

అలా కాకూడదని ఆవిడ పడని పాట్లు లేవు. పెద్దబ్బాయిని అడిగితే "మమ్, ఇట్స్ ఎ రాక్," అన్నాడు. ప్రేమగానే అన్నాడు, అదే బాధ. మన తెలుగువాళ్ళ సంఘాన్ని అడిగితే స్టోరేజ్ లేదాంటీ అన్నారు. నాకివ్వండి, నేనుంచుకుంటానన్నాను. "నీది రెంట్ ఫ్లాటు. రేపు ఆ రీడింగ్ ఊళ్ళో కాంట్రాక్ట్ వస్తే ఎగిరిపోతావు. అప్పుడు ఏ బిన్ పక్కన పెడతావో." నాకు ఒళ్ళు మండింది. కాని మాట అబద్ధం కాదు.

పోయిన సెప్టెంబరులో రోలు మాతోపాటు విమానమెక్కింది. చెక్-ఇన్ దగ్గర అమ్మాయి బ్యాగు తెరిపించి రాయెందుకని అడిగింది. "వంట సామాను," అన్నారు ఆంటీ, ఆపరేషన్ థియేటర్ గొంతుతో. ఆ పిల్ల గబగబా జిప్పు వేసి ట్యాగు కట్టేసింది.

ఆ ఐస్‌క్రీం బండి ఉన్న ఊరికే వెళ్ళాం. అక్కడ తాళంచెవి ఉండేది రిటైరైన పోస్ట్‌మాన్ ఇంట్లో. మ్యూజియంలో పెట్టమని ఆంటీ ఇస్తే, ఆయన రోలును రెండు చేతులా తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. ఇంగ్లిష్ వచ్చిన కూతురిచేత చెప్పించాడు: మ్యూజియంలో ఈ ప్రావిన్సువాళ్ళు వాడిన వస్తువులే పెట్టాలని కమిటీ కట్టడి, క్షమించమని. ఆంటీ "ఆఫ్ కోర్స్, ఆఫ్ కోర్స్" అంటూ బయట బల్లమీద కూర్చున్నారు. ఎంతోమందికి ధైర్యం చెప్పి నిద్రపుచ్చిన మనిషి, ఒళ్ళో రోలు పెట్టుకుని, ఆఖరి రైలు తప్పిపోయినదానిలా కూర్చుంటే నాకు చూడబుద్ధి కాలేదు. "ఇంటికి తీసుకుపోదాం ఆంటీ," అన్నాను. "ఏ ఇంటికే?" అన్నారు.

అప్పుడు పోస్ట్‌మాన్ భార్య చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. రోలు గుంటలో వేలు పెట్టి రాసి, వాసన చూసి ఏదో అని నవ్వింది. "ఇంకా వెల్లుల్లి వాసన వస్తోందంటోంది అమ్మ," అని కూతురు చెప్పింది. "అమ్మ రోలు పగిలి చాన్నాళ్ళయింది. కమిటీకి వద్దైతే తనకిమ్మంటోంది."

ఆంటీ నా వైపు తిరిగి తెలుగులో అడిగారు. "దాచుకుంటానంటోందా, వాడుకుంటానంటోందా? సరిగ్గా కనుక్కో."

కనుక్కున్నాను. "వాడుకుంటుందట ఆంటీ. ఇవాళే, మన భోజనానికే."

పోస్ట్‌మాన్ భార్య అందులో అక్రోట్లూ వెల్లుల్లీ వేసి దంచుతుంటే ఆంటీ వంటింటి గుమ్మంలో నిలబడి దాచుకోకుండా ఏడ్చారు. అడుగున తువ్వాలు లేదు. ఇల్లంతా మోగుతోంది. "బాగా చెయ్యి తిరిగిన మనిషే ఈవిడ," అన్నారు ముక్కు చీదుకుంటూ. "మ్యూజియంలో పెడితే ముట్టుకోవద్దని బోర్డు పెట్టేవాళ్ళు. బతికిపోయింది నా రోలు." తిరుగు ప్రయాణంలో కారులో నిద్రపోయారు. అంత హాయిగా నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

అంత్యక్రియలు అయ్యాక వచ్చిన ఆదివారం పోస్ట్‌మాన్ ఇంటికి ఫోన్ చేశాను. కూతురు ఎత్తింది. సంగతి చెప్పాను. ఆమె వెనక్కి తిరిగి వాళ్ళమ్మకు చెప్పింది. అప్పటిదాకా వెనక వినబడుతున్న దంపుడు చప్పుడు ఆగిపోయింది. ఏవో మాటలు. తర్వాత కూతురే అంది, "రోలు ఆవిడ పిల్లలకు తిరిగి పంపాలా అని అమ్మ అడుగుతోంది."

"వద్దు," అన్నాను. "దంచుకోమనండి."

ఆమె చెప్పింది. ఆమె ఫోను పెట్టేయలేదు, నేనూ పెట్టేయలేదు. కాసేపటికి అటువైపు, ముందు మెల్లగా, తర్వాత మామూలుగా, రాతిమీద రాయి మోత మళ్ళీ మొదలైంది.