గుండీ లేని చేతులు

మా మాస్టర్ పోయారని గంగారాం ఫోన్ చేసినప్పుడు నేను టీవీలో వార్తలు చూస్తున్నాను, శబ్దం పూర్తిగా తగ్గించేసి. వార్తల్ని మూగగా చూడటమేమిటని మీరడగొచ్చు. మా ఆవిడ పెళ్ళయిన నాటి నుంచీ అడుగుతూనే ఉంది. ఆ అలవాటు నాకు అంటించింది మాస్టరే. "అన్నా, మాస్టర్ పోయిండే," అన్నాడు గంగారాం. ఆ తర్వాత కూడా తెర మీద నోళ్ళు కదులుతూనే ఉన్నాయి. వాటిలో ఒక్క నోటికీ ఈ వార్త తెలిసినట్టు లేదు.

మాస్టర్ అంటే బడిపంతులు అనుకునేరు. దుబాయ్‌లో దర్జీని మాస్టర్ అంటారు. ఎనభైల నడుమ జెబెల్ అలీలో మా కంపెనీ క్యాంపు గేటు పక్కన ఒక పాత కంటైనర్ ఉండేది. అందులో ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీపెట్టె, గోడకి ఏసు పటం, పటం కింద ఆయన. గోదావరి జిల్లా మనిషి. మేమందరం కరీంనగర్, నిజామాబాద్ పల్లెల వాళ్ళం. మొదటి ఏడాది ఆయన తెలుగు మాకు, మా తెలుగు ఆయనకి అర్థం కాక మధ్యలో హిందీ వాడుకునేవాళ్ళం. నేను టైమ్‌కీపర్‌ని, అంటే ఏ పొద్దున ఎవరు ఏ పనికి పోయారో రాసేవాణ్ణి. చదువు పదో తరగతి దగ్గర నన్ను దింపేసి తన దారిన తాను వెళ్ళిపోయింది.

ఆయన చదువు కథ ఇంకా విచిత్రం. దేశం వదిలి వెళ్తున్న ఒక ఇంగ్లీషు ఇంజనీరు పాత కాగితాలు పారేస్తుంటే, జేబుల నమూనాలు కత్తిరించుకోవడానికి ఆయన తెచ్చుకున్నారు. వాటిలో అట్ట ఊడిన పుస్తకం ఒకటి. ముప్పై పేజీలు జేబులైపోయాక ఆయన కన్ను 'మీడియం' అన్న మాట మీద పడింది. చూస్తే పేజీకి నాలుగు మీడియంలు. దర్జీకి మీడియం అంటే ఇంకేముంటుంది? స్మాల్‌కీ లార్జ్‌కీ నడుమ సైజు. చొక్కాల శాస్త్రం దొరికిందని సంబరపడి, డిక్షనరీ సంపాదించి, చదవడం మొదలుపెట్టారు. అది టీవీల గురించి, బొమ్మల గురించి అని తేలేసరికి సగం అయిపోయింది. అయినా వెనక్కి తగ్గలేదు.

"నేనన్నదే రైటబ్బాయ్. మీడియం అంటే సైజే," అనేవారు. "టీవీ ఓ సైజు చొక్కా. అందులో పట్టిందే మనకి చూపిస్తాడు. పట్టంది కత్తిరించి కింద పడేస్తాడు. తెలివైనోడు కింద పడ్డ ముక్కలు కూడా చూస్తాడు."

తర్వాతి రోజుల్లో ఈ విద్య మీద అట్టలున్న పుస్తకాలు కూడా నేను కొన్ని చదివాను, ఆ పోయిన ముప్పై పేజీల్లో ఏముందో తెలుస్తుందేమోనని. ఇంతకన్నా గట్టి మాట నాకు దొరకలేదు.

అసలు సంగతికి వచ్చే ముందు ఒక్క డబ్బా గురించి చెప్పాలి. పాలపొడి డబ్బా. పరంజా కట్టే గంగారాంకి ఒకసారి కవరాల్, అంటే ఒంటినిండా తొడిగే పనిబట్ట, మణికట్టు గుండీ ఇనుప క్లాంపులో ఇరుక్కుంది. చెయ్యి లాక్కోబోయి మనిషి పైనుంచి పడబోయి ఆగాడు. ఆ సాయంత్రం మాస్టర్ పరంజా వాళ్ళందరినీ వరసలో నిలబెట్టి, చేతుల గుండీలన్నీ తెంపేసి, ఎలాస్టిక్ కుట్టేశారు. ఆ రోజు నుంచి స్టోర్లో కొత్త కవరాల్ తీసుకున్న ప్రతి పరంజా మనిషీ ముందు ఆయన దగ్గరికి రావలసిందే. తెంపిన గుండీలు పాలపొడి డబ్బాలోకి. "ఇంకో చొక్కాకి పనికొస్తాయి," అనేవారు. ఏ చొక్కాకీ కుట్టగా నేను చూడలేదు.

ఇక పాట. విదేశాల నుంచి ఒక రాక్ బృందం వచ్చింది. నలుగురు, నడుముల దాకా జుట్టు. సగం కట్టిన మా గోదాము నచ్చిందట, అక్కడ వీడియో పాట తీశారు. పైన పరంజా మీద మా వాళ్ళు పని చేస్తుంటే కింద వాళ్ళు గిటార్లు బాదారు. కొన్నాళ్ళకి క్యాసెట్ క్యాంపుకి చేరింది. శుక్రవారం మధ్యాహ్నం మెస్ హాల్లో వేశాం. ఒకచోట తెర మీద గంగారాం!

"హీరో అయితివి గదరా గంగన్నా!"

"మరి హీరోయిన్ ఏదిరా?"

"గిటార్ వట్టుకున్నది సూడలేదా? ఎంత జుట్టున్నదో!"

అందరం నవ్వుతుంటే మాస్టర్ మాత్రం మళ్ళీ వేయమన్నారు. మొదట శబ్దం ఆపించి చూశారు. తర్వాత టీవీ మీద దుప్పటి కప్పించి విన్నారు. మూడోసారి చేతిలో కత్తెర పట్టుకున్నారు. బొమ్మ మారినప్పుడల్లా కత్తెర టక్కుమనిపించి, "ఇదిగో కుట్టు, ఇదిగో కుట్టు," అన్నారు. నాలుగు నిమిషాల పాటలో ఆ టకటక రేకుల మీద వానలా వినిపించింది.

"పాడేవోణ్ణి కింద్నించి తీశాడు, మిమ్మల్ని పైనించి తీశాడు, గమనించారా?" అన్నారు. "నేను ప్యాంటు కొలతకి మోకాళ్ళ మీద కూచుంటే ఎదుటోడు ఎవడైనా రాజులాగే కనపడతాడెహె. అదే కిటుకు." ఆగి, నవ్వి, "కుట్టు కనపడితే బట్ట. కనపడకపోతే కుట్ర," అన్నారు.

ఆ నవ్వు ఆ వారం కూడా నిలవలేదు. అదే క్యాసెట్‌ని కంపెనీ యజమాని తన ఇంట్లో అతిథులకి చూపించాడట. పాటలో ఒకచోట గంగారాం పైనుంచి తొంగి చూస్తాడు. వెంటనే ఒక చెయ్యి, ఆ చేతిలోంచి జారిన పానా. పానా గిరగిరా తిరుగుతూ వచ్చి పాటగాడి కాళ్ళ దగ్గర పడుతుంది. వాడు పళ్ళికిలించి ఇంకా గట్టిగా అరుస్తాడు. పాటకి అది తమాషా. యజమానికి మాత్రం అతిథుల ముందు తలవంపు: మా మనుషులు జనం నెత్తిన పనిముట్లు పడేస్తారని. మర్నాడు మా మేనేజరు, అంటే క్యాంపు భాషలో ముదీర్, గంగారాంని పిలిచాడు.

"వీడియో మే సాఫ్ దిఖ్తా హై. ఖలాస్."

వీడియోలో స్పష్టంగా కనిపిస్తోందట. ఖలాస్ అంటే అయిపోయిందని. అయిపోయింది గంగారాం ఉద్యోగం. వారంలోగా టికెట్ చేతిలో పెట్టి పంపేస్తారు.

"నేను ఇడువలే సార్, నా తల్లి మీద ఒట్టు," అని వాడు మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? మా వాళ్ళే "కండ్లతోని సూస్తిమి గదనే" అని గుసగుసలు మొదలుపెట్టారు. దాచడమెందుకు, నాకూ అనుమానం వచ్చింది. గంగారాం వచ్చి కంటైనర్‌లో నేల మీద కూలబడ్డాడు.

"మాస్టరూ, ఇప్పుడు నాకే అనుమానమైతాంది. పడ్డదేమో. నాకే యాదికి లేదేమో."

మాస్టర్ మిషను ఆపారు. ఆయన కోపం నేను చూసింది ఆ ఒక్కసారే.

"నీ చేతిని నువ్వు నమ్మవు, ఆ టీవీ డబ్బాని నమ్ముతావంట్రా? లే!"

ముదీర్‌ని మెస్ హాలుకి రప్పించడం అంత కష్టమేమీ కాలేదు. ఏటేటా పెరుగుతున్న అతని నడుము కొలత క్యాంపులో తెలిసింది మాస్టర్ ఒక్కరికే, ఆయన మాట తీసేయలేడు. పని దిగి వచ్చిన వాళ్ళంతా గోడల వెంట నిలబడ్డారు. వైరున్న రిమోట్ నా చేతికిచ్చారు. శబ్దం లేదు. కత్తెర టక్, టక్, టక్.

"రోకో!"

నొక్కాను. తెర మీద పానా వదులుతున్న చెయ్యి ఆగి, వణుకుతూ నిలిచింది. మాస్టర్ కత్తెర మొనతో మణికట్టు చూపించారు. తెల్లటి గుండీ ఒకటి మెరుస్తోంది.

"సాబ్, యే బటన్ దేఖో," అన్నారు. తర్వాత పాలపొడి డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించారు. వందల గుండీలు గలగలమని దొర్లాయి. "హమారా పరంజావాలా కా హాథ్ మే బటన్ నహీ, సాబ్. సబ్ ఇధర్ హై. యే గంగారాం కా హాథ్ నహీ."

నాకు అప్పుడు తెలిసింది, అది సినిమావాళ్ళ చెయ్యని. స్టోర్లోంచి కొత్త కవరాల్ ఒకటి తీసుకుని తమ మనిషికి తొడిగి, ఆ ముక్క విడిగా తీసి, గంగారాం ముఖానికి కుట్టేశారు. రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి, వాడు చెయ్యని పనిని వాడి చేత మేమే చేయించేశాం, మా కళ్ళతోనే.

ముందు గంగారాం చెయ్యెత్తాడు. అతని పక్కవాడు ఎత్తాడు. ఆపైన హాలంతా చేతులే, ఎలాస్టిక్ మణికట్లతో, సిమెంటు మరకలతో. ముదీర్ తిరిగి చూశాడు. లేచి వెళ్ళి టీవీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు, ముక్కు తెరకి ఆనేంత దగ్గరగా. "రివైండ్," అన్నాడు. మూడుసార్లు వేయించాడు. క్యాసెట్ బయటికి తీసి తన జేబులో పెట్టుకుని, యజమానికి తానే చూపిస్తానన్నాడు.

"ఖలాస్," అన్నాడు. మొన్నటి ఖలాస్‌కీ దీనికీ ఒక్క అక్షరం తేడా లేదు. "యల్లా, సబ్ కో చాయ్!"

ఆ అరుపులు, ఈలలు మీరు వినాల్సింది. గంగారాంని భుజాలకెత్తారు. వాడు కిందికి దిగి మాస్టర్ కాళ్ళు పట్టుకోబోతే ఆయన లాగి నిలబెట్టి, భుజాల కొలత తీస్తున్నట్టు రెండు చేతులూ చాపి, "ఆ టీవీ చొక్కా నీది కాదురా, నీకు పట్టదు," అన్నారు. అని, నేల మీద పాకుతూ గుండీలు ఏరుకున్నారు. ఆ తర్వాత పదకొండేళ్ళు గంగారాం పరంజాలు కట్టాడు.

ఫోన్‌లో మిగతా సంగతి చెప్పాడు. కబురు తెలిసిన వెంటనే బండెక్కి మాస్టర్ ఊరికి పోయాడట.

"పెట్టెల పండుకోబెట్టిండ్రన్నా. తెల్లంగి కొత్తది తొడిగిండ్రు. సూస్తే చేతులకు గుండీలున్నయ్. నాకు పాణం ఒప్పలే. ఆయన బిడ్డను కత్తెరడిగిన. ఎందుకని సుత అడుగలే, ఆయన కత్తెరే తెచ్చిచ్చింది."

"తెంపినవా?"

వాడు ఫోను దగ్గర అరచెయ్యి కదిపినట్టున్నాడు. రెండు గుండీలు ఒకదానికొకటి తగిలి టిక్కుమన్నాయి.