చెక్క మీద అవ్వ మొఖం

ముక్కు మల్ల ఊడింది. పొద్దటిసంది గిది మూడోసారి. నేను కింద పడ్డ తునకలు ఏరుకుంటుంటే మా అన్న కుంచె చెవిల పెట్టుకొని ఒకటే నవ్వుడు.

"చెక్కకు మొలలు కొట్టినవా?"

"కొట్టలే."

"మొలలు లేకుంటే మట్టి దేన్ని పట్టుకొని నిలవడ్తదే, నీ జడనా?"

మా అన్న లాల్‌దర్వాజల దుకాండ్లకు బోర్డులు రాస్తుండె. నేను నాలుగోది అయినంక బడి ఇడిసిపెట్టి ఇంట్ల మట్టి బొమ్మలు చేస్తుంటి. ఇద్దరం కలిసి ఒక్క బొమ్మ చేసుడు అదే మొదలు. చీర, పుస్తెలు, ఎన్క గోడ అన్న నూనె రంగుతోని ఏసిండు. మొఖం మాత్రం నేను అదే చెక్క మీద మట్టితోని ఉబ్బెత్తుగ చేస్తే, దాని మీద మల్ల రంగు. ఆ ఉపాయం నాదే. ఎందుకంటే ఆ అవ్వ మొఖం ఒట్టి రంగుతోని వచ్చేది కాదు.

అవ్వ మా పక్కింటామె. చిన్నప్పుడు అమ్మవారు పోసిందంట, చెంపలు, నుదురు అన్ని గుంతలే. నేను చిన్న పోరిగ ఉన్నప్పుడు ఆమె ఒళ్ళె కూసొని ఆ గుంతలల్ల ఏలు పెట్టి లెక్కవెట్టుకుంట ఆడుకుంటుంటి. ఏమనకపోతుండె. "అయినయా, ఇంకా ఉన్నయా?" అని అడుగుతుండె, గంతే.

ఆమె పొయ్యి ఏడాది కావస్తుండె. ఆమె పెనిమిటి, తాత దగ్గర ఒక్కటే ఫోటో ఉండె. అదన్న సక్కగుండెనా? ఫోటో తీసిన భాయ్ మంచి చేస్తున్న అనుకొని గుంతలన్ని కుంచెతోని పూడగొట్టిండు. మొఖం కోడిగుడ్డు తీరు నున్నగ! తాత ఆ ఫోటో తెచ్చి నా చేతిల పెట్టిండు.

"బిడ్డా, గీమె ఎవరో నాకు తెల్వది. రోజు ఈమెనే సూసి సూసి నా ముసల్దాని అసలు మొఖం మర్సిపోతున్న. నీకు యాదికుంది గద? చేసియ్యి. సంవత్సరీకం నాడు దానికే దండ ఏస్త."

నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. ఎట్ల కాదంట?

మొలలు కొట్టిన. జల్లించిన మట్టిల దూది, చింతగింజల అంబలి కలిపి పిసికిన. ముక్కు నిలిచింది. పచ్చిగున్నప్పుడే చీపురుపుల్లతోని ఒక్కొక్క గుంత పొడిచిన. కుడి చెంప మీద మస్తుగ, గదుమ మీద తక్కువ. నీడకు ఆరినంక అన్న రంగు కలిపిండు. "జర పసుపు ఎక్కువెయ్యి, అవ్వ రోజు పసుపు రాసుకోకుంట బయటికొస్తుండెనా?" అంటే, "నువ్వే ఎయ్యరాదు మరి" అని గుర్రుమన్నడు. గని ఏసిండు.

సంవత్సరీకం ఇంక ఒక్కరోజు ఉందనంగ తాత బిడ్డ సంతోష్‌నగర్ నుంచి వచ్చింది. నేను అక్కా అని పిలుస్తుంటి. మా ఇంట్ల బొమ్మను సూసి ఆడ్నే కూలబడ్డది.

"గిదేందే గిట్ల చేసినవ్?"

"అవ్వ గిట్లనే ఉండె గద, అక్కా."

"ఉండె. నాకు తెల్వదా? నన్ను సూసుకోను మా అత్తగారోళ్ళు వచ్చిన నాడు మా మేనత్త అమ్మను అర్రల కూసోబెట్టి తలుపు దగ్గరకేసింది. మొఖం సూస్తే సంబంధం పోతదని. రేపు ఆ సుట్టాలే వస్తరు. ఇప్పుడన్న అమ్మను మంచిగ కనబడనియ్యే, నీ కాళ్ళు మొక్కుత."

అట్ల అంటే నేనేం జేస్త చెప్పున్రి. తడి మట్టి తీసుకొని గుంతలన్ని పూడ్చిన. అన్న మీదికెళ్ళి రంగు పూసిచ్చిండు.

ముందుగాల తాతకు చూపియ్యలే, అయినంకనే సూస్తనన్నడు. పొద్దుగూకేటాళ్ళకు ఇద్దరం మోసుకపొయ్యి ఆళ్ళ గోడకానిచ్చి పెట్టినం. తాత అద్దాలు తుడ్సుకున్నడు. దగ్గరికొచ్చిండు. చెయ్యి లేపి, చెంపదాక తెచ్చి, రంగు తడి ఉందని యాదికొచ్చి ఆపిండు.

"మంచిగున్నది బిడ్డా," అన్నడు. "మస్తు కష్టపడ్డరు. చాయ్ తాగిపోన్రి."

మంచం మీద కూసొని అటు దిక్కు మల్ల సూడలే. అక్క చాయ్ పెడ్తనే ఉంది, ఆయన దిక్కు సూస్తనే ఉంది. నేను చాయ్ తాగకుంట కింద పెట్టిన. ఫోటో భాయ్ చేసిందే నేను చేసిన గద! ఆయన మాత్రం తెల్వక చేసిండు, నేను తెలిసి చేసిన.

తెల్లారి, సుట్టాలు రాకముందే, ఒక పిన్నీసు పట్టుకొని పోయిన. అక్క వాకిట్ల సానుపు చల్లుతుండె.

"అక్కా, ఆరిన మట్టిల పూడ్చిన తడి మట్టి గట్టిగ పట్టుకోదు. పొడిస్తే ఊడొస్తది. తియ్యనా?"

లొల్లి చేస్తదనుకున్న. ఆమె చెంబు కింద పెట్టింది. "బాపు రాత్రి బువ్వ తినలేదే," అన్నది. చేతులు కడుక్కొని లోపలికొచ్చి, కదలకుంట చెక్కను రెండు దిక్కుల పట్టుకున్నది.

తాతను లేపి పక్కన కూసోబెట్టుకొని, నేను కుడి చెంప కాడ షురూ చేసిన.