మేకు దిగని ఫిరంగి

"చేత్తో పట్టుకునేదే ఆయుధమా? మరి మా ఆయన పడ్డ కష్టం ఏమవ్వాలి? కుర్చీలూ బల్లల పద్దులో కలిసిపోవాలా?"

సామానత్త కసురుతూనే ఆపరేటర్‌కి స్టూలు జరిపింది. సినిమాలకి కత్తులూ కిరీటాలూ అద్దెకిచ్చే గోదాము ఆమెది. యజమానురాలూ ఆమే, కాపలా కుక్కా ఆమే. ఆపరేటర్ ఒకప్పుడు హాల్లో బొమ్మ వేసినవాడు. ఇప్పుడు సినిమా ఆయుధాల మీద కేటలాగు రాస్తున్నాడు. కత్తులెక్కాయి, తుపాకులెక్కాయి. చక్రాల ఫిరంగి దగ్గరే పేచీ.

"దాన్ని హీరో ఎత్తలేడు కదత్తా. లాక్కెళ్లేది బండి కిందకొస్తుంది."

"నోటి మాటని ఎవరెత్తారు నాయనా? తగిలితే లేస్తారా?"

అతనికి నవ్వొచ్చింది. ఆమె భర్త వడ్రంగి. మ్యూజియం నుంచి అరువు తెచ్చిన అసలు ఫిరంగిని ఎదురుగా పెట్టుకుని, అచ్చం అలాంటిదే చెక్కతో చేశాడు. యుద్ధం సీన్లో రెండూ ఒకే రంగు పూసుకుని పక్కపక్కనే నిలబడ్డాయి. షూటింగు ముగిసేనాటికి ఆయన మంచం పట్టాడు, మరి లేవలేదు. ఆయన పేరు ఏ తెర మీదా పడలేదు. ఈ పుస్తకంలోనైనా పడాలని అత్త పట్టు.

"సరేనత్తా, ఎక్కిస్తాను. మామయ్య పేరుతోనే."

అత్త మొహం చేటంతయింది. భర్త పనిముట్ల పెట్టె మీది పేరు రేకు ఊడదీసింది. ఫిరంగి మీద ఆరేసిన చీరలు లాగేసి, గొట్టానికి రేకు ఆనించి మేకు కొట్టింది. మేకు వంగింది.

"ఈ కాలం మేకులకి వెన్నెముకే లేదు." ఇంకోటి కొట్టింది. ఖంగుమంది. రంగు పెచ్చు లేచింది. కింద ఇనుము.

ఇద్దరూ కొయ్యబారిపోయారు.

ఆపరేటర్ గోటితో గీరి చూశాడు. ఇనుమే. "అత్తా, మరి షూటింగయ్యాక మ్యూజియం వాళ్లు పట్టుకెళ్లింది..."

"నలుగురే ఎత్తేశారు నాయనా!" అత్త నెత్తి కొట్టుకుంది. "ఏం బలమని మెచ్చుకుని టీలు కూడా ఇప్పించాను. ఇది కదలకపోతే చక్రాలు పట్టేశాయనుకున్నాను. అమ్మో, అసలుదాని మీద చీరలారేశానా!"

స్టూలు మీద కూలబడింది. పోలీసులు, విచారణలు, గోదాముకి తాళం, అన్నీ ఆపరేటర్ కళ్ల ముందు గిర్రున తిరిగాయి. అత్త చూపు మాత్రం చేతిలోని రేకు మీదే ఉంది.

"అంటే... ఇన్నేళ్లూ మ్యూజియంలో జనం టిక్కెట్టు కొనుక్కుని చూస్తున్నది మా ఆయన చేసినదాన్నా?"

"అవునత్తా. కేటలాగులో ఎక్కాల్సింది అదే. ఇది ఉత్త ఫిరంగి."

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది.

"రేపు నేనే వెళ్లి చెప్పుకుంటాను, తప్పదు. చెబితే దాన్ని అక్కడ ఉంచరు. నువ్వు ఇప్పుడే పరిగెత్తు. తలుపులు మూసేలోగా ఒక్క ఫొటో తియ్యి. ఎవరైనా దాన్ని మెచ్చుకుంటుంటే, పక్కన నిలబడి ఆ మాట కూడా విని రా నాయనా."